ఐదు మైలురాళ్ళు, ఒక గడియ

మా జిల్లాలో రోడ్డు లేని చోట మైలురాయి కనిపిస్తే అది నా తప్పు. ఈ మాట ఇంతవరకు నేను ఒక్కరితోనే అన్నాను. నేను తక్కువ మాట్లాడతాను. ఆఫీసులో నా గురించి పైకి పంపిన రహస్య నివేదికలో దీన్ని ‘విధేయత’ అని రాశారట.

నా పేరు కోటేశ్వరి. జిల్లా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. ఇదంతా జరిగేనాటికి చేరి పది నెలలు. రెండేళ్లు నిండితేగాని ఉద్యోగం ఖాయం చేయరు. అంతవరకు నా కుర్చీకి కూడా నామీద నమ్మకం లేదు, కూర్చున్నప్పుడల్లా ఒక పక్కకి ఒరుగుతుంది.

ఆ ఏడు ఆగస్టులో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఆఫీసుల్లో ‘పని’ అనే మాట వాడరాదు. ప్రతి పనీ ఒక ప్రాజెక్టు. ప్రతి ప్రాజెక్టుకూ ఒక నాయకుడు ఉండాలి. ‘ప్రాజెక్టుల నాయకత్వము, నిర్వహణ: ప్రాథమిక అంశములు’ అనే రెండు రోజుల శిక్షణకు సెక్షన్‌కి ఒకరిని పంపాలి. మా సెక్షన్‌లో సీనియర్లందరికీ సరిగ్గా ఆ రెండు రోజులే జ్వరాలు తగిలాయి. నన్ను పంపారు.

శిక్షణ ఇచ్చినాయన పెద్ద నగరం నుంచి వచ్చాడు. అంతా ఇంగ్లీషులోనే చెప్పాడు. మమ్మల్ని జట్లుగా విడదీసి కాగితం కప్పులతో గోపురం కట్టమన్నాడు. నేను నాయకత్వం వహించిన గోపురం అందరికంటే ముందు కూలింది. దాన్ని ఆయన ‘నేర్చుకునే అవకాశం’ అన్నాడు. రెండో రోజు భోజనాల్లో ఆయన వంతు వచ్చేసరికి పెరుగు అయిపోయింది. అప్పుడు మాత్రం అలా అనలేదు.

తిరిగి వస్తూ ఎనభై పేజీల ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. మా సూపరింటెండెంట్ పుండరీకాక్షం గారు దాన్ని చేత్తో తూచి చూశారు. ఆయన ఫైల్లో రాయాల్సిన మాటలే నోటితో మాట్లాడతారు. ఇంట్లో కాఫీ కూడా సూచిక నంబరు వేసి అడుగుతారని చెప్పుకుంటారు.

“అమ్మాయీ, నీవు ఆద్యంతము తెలుగు మాధ్యమమున చదివినదానవు. కావున ఈ గ్రంథ సారాంశమును తెలుగున రచించి, సర్క్యులర్ నమూనాగా సమర్పింపుము.”

రెండు వారాలు నిఘంటువు పక్కన పెట్టుకుని రాశాను. పన్నెండో పేజీలో, ప్రతి ప్రాజెక్టుకీ కనీసం ఐదు మైల్‌స్టోన్లు ఉండాలని ఉంది. మైలురాళ్ళు అని రాశాను. అంతవరకు బాగానే ఉంది. క్రియాపదం దగ్గర ఆగిపోయాను. ‘ఉండవలెను’ అంటే వాక్యం బోడిగా ఉంది. మా ఊరి నుంచి హైస్కూలుకి ఐదు కిలోమీటర్లు నడిచేదాన్ని. దారిలో ఐదు రాళ్ళు. మూడో రాయి మీద కూర్చుని కాల్లో ముల్లు తీసుకునేదాన్ని. మైలురాయి అంటే నాకు తెలిసింది అదే. రాయిని ఏం చేస్తారు? పాతుతారు. ‘ప్రతి ప్రాజెక్టునకు కనీసము ఐదు మైలురాళ్ళు పాతవలెను’ అని రాశాను. క్రియాపదం అంత చక్కగా కుదిరినందుకు ఆ సాయంత్రం హాస్టల్లో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

పుండరీకాక్షం గారు చదివి, “వాక్యములో బలమున్నది” అన్నారు. సర్క్యులర్ జిల్లా అంతా వెళ్లింది. రాసింది నేనే కాబట్టి, మొదటి నమూనా ప్రాజెక్టుకి నాయకురాలిని కూడా నన్నే చేశారు.

ప్రాజెక్టు పేరు: చింతలవాగు హైస్కూలు బాలికల మరుగుదొడ్డి తలుపు.

ఈ తలుపుకి అప్పటికే ఒక ఫైలు ఉంది. మూడేళ్ల కిందట హెడ్‌మిస్ట్రెస్ అర్జీ పెట్టుకుంది: ‘మా బాలికల మరుగుదొడ్డి తలుపునకు ఒక గడియ మంజూరు చేయ ప్రార్థన.’ కింద మా ఆఫీసు రాసిన నోటు ఉంది: ‘గడియ అనగా ఇరవై నాలుగు నిమిషములు. కోరిన వ్యవధి స్వల్పము. మంజూరు చేయడమైనది.’ ముగ్గురు సంతకాలు పెట్టారు. ఆ ఫైలు చదివి నేను నవ్వాను. అప్పటికి నా సర్క్యులర్ బయటికి వెళ్లి మూడు రోజులైంది.

చింతలవాగు వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ రాహేలు టీచరు నన్ను కిందినుంచి పైకి చూసింది.

“నువ్వేనా నాయకురాలివి? మా పదో తరగతి పిల్లవనుకున్నా. రామ్మా, చూపిస్తా.”

మరుగుదొడ్డి గుమ్మం ఖాళీగా ఉంది. తలుపు పక్క గోడకి ఆనించి ఉంది.

“తలుపుండాది. బందులు రెండూ ఊడిపోయినయ్. గడియ ఎప్పుడూ లేదు. రెండు బందులు, ఒక గడియ. వడ్రంగి వస్తే గంట పని.”

“గంట పని అనకండి టీచరుగారూ. పని అనకూడదు. ప్రాజెక్టు.”

“సరే. గంట ప్రాజెక్టు.”

వరండాలో ఒక అమ్మాయి మంచినీళ్ల కుండ దగ్గర నిలబడి గ్లాసు కడుగుతోంది. అందరికీ నీళ్లు అందిస్తోంది, తను తాగడం లేదు. పేరు మస్తాన్‌బీ. తొమ్మిదో తరగతి.

“నువ్వు తాగవా?” అన్నాను.

“ఇంటికి పోయినాక తాగుతానక్కా.”

రాహేలు టీచరు గొంతు తగ్గించింది. “ఆడపిల్లలెవరూ తాగరు. కొందరు మధ్యాహ్నం ఇళ్లకి పోతారు, మళ్లీ రారు. ఈ పిల్లకి మొన్న లెక్కల్లో ఇరవై ఐదుకి ఇరవై నాలుగొచ్చినయ్. ఆ పోయిన ఒకటి గూడా ఆఖరి పిరియడ్లో కడుపునొప్పితో పోయింది.”

మస్తాన్‌బీ నా దగ్గరికి వచ్చింది. “అక్కా, తలుపు ఎన్నాళ్లకి పెడతారు? దసరా సెలవులైపోయి బడి తెరిసేనాటికి తలుపుంటేనే పంపిస్తానంది మా నాయనమ్మ. లేకపోతే మిరప కలుపుకి పోవాల్నంట.”

దసరాకి ఇంకా నెల ఉంది. “తప్పకుండా” అన్నాను. నాయకులు అలాగే అంటారు.

మర్నాడు ప్రాజెక్టు తొలి సమావేశం. ఎనిమిది మంది, పదహారు బిస్కెట్లు. రెండు బందులు, ఒక గడియ చాలని చెప్పాను. పుండరీకాక్షం గారు నా సర్క్యులర్‌ నాకే చూపించారు.

“మూడవ పేరా చూడుము. ‘పరిష్కారమునకు తొందరపడరాదు.’ ఇది నీవు వ్రాసినదే కదా?”

“నేనే సార్.”

“ముందుగా నష్టభయ పట్టిక సిద్ధము చేయవలెను. తలుపు బిగించుట వలన కలుగు ప్రమాదములేవి?”

గది అంతా ఆలోచనలో పడింది. తలుపు బిగిస్తే లోపల ఎవరైనా చిక్కుకోవచ్చు. తలుపు వేసి ఉంటే లోపల ఎవరున్నదీ బయటివారికి తెలియదు. తలుపు ఉన్నందువల్ల వినియోగం పెరిగి నీళ్లు చాలకపోవచ్చు. తలుపు లేకపోతే ప్రమాదాలేవీ తేలలేదు. నేను అన్నీ రాసుకున్నాను. నా దస్తూరి బాగుంటుంది.

“సార్, దసరా తర్వాత బడి తెరిచే రోజు గడువు” అన్నాను చివరికి.

“ఎవరిచ్చిన గడువు?”

“ఒక పిల్ల వాళ్ల నాయనమ్మ సార్.”

“లిఖితపూర్వకముగా ఇచ్చినదా?”

“నోటి మాటే.”

“అయిన యెడల అది గడువు కాదు, అభిప్రాయము. గడువు అనునది కార్యాలయము ఇచ్చునది, పొడిగించునది.”

అప్పుడే తలుపు తోసుకుని ఏసోబు వచ్చాడు. రాళ్లు కొట్టే మేస్త్రి. చేతిలో నా సర్క్యులర్ ఉంది.

“ఐదు మైలురాళ్ళంట గదా, ఆర్డరొచ్చింది. చెక్కుతా. ఊరి పేరు చెప్పండి, ఎంత దూరమో చెప్పండి.”

నాకు కాళ్ల కింద ఏదో కదిలింది. బహుశా నా కుర్చీ.

“ఊరా?” అన్నారు పుండరీకాక్షం గారు.

“మైలురాయి మీద ఊరుండాల గదయ్యా. యాడికి పోవాల్నో, ఇంకెంత దూరముండాదో తెలీకుండా రాయి పాతితే ఎవురికి లాభం?”

ప్రాజెక్టు నిర్వహణ గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటి మాట మరొకటి లేదు. రెండు రోజుల శిక్షణలో, ఎనభై పేజీల పుస్తకంలో దీన్నే చెప్పాలని ప్రయత్నించారనుకుంటాను. కానీ సమావేశం దీన్ని వేరే విధంగా అర్థం చేసుకుంది. బడి గేటు నుంచి మరుగుదొడ్డి వరకు టేపు పెట్టి కొలిపించారు. ఎనభై అడుగులు. మొదటి రాయి గేటు దగ్గర: ‘తలుపు 80 అడుగులు’. తర్వాత అరవై, నలభై, ఇరవై. ఐదో రాయి గుమ్మం పక్కన: ‘తలుపు 0. ముగింపు’.

“ఇప్పుడు అర్థమైందయ్యా” అన్నాడు ఏసోబు, తృప్తిగా.

అందరూ వెళ్లాక నేను గదిలోనే ఉండిపోయాను. “సార్, మైలురాయి అంటే నిజంగా రాయి కాదు సార్. పని ఎంతవరకు వచ్చిందో చూసుకునే గుర్తు. ‘పాతవలెను’ అని నేను పొరపాటున…”

ఆయన కళ్లద్దాలు తీశారు. “అమ్మాయీ, సర్క్యులర్ జారీ అయినదా?”

“అయింది సార్.”

“తప్పున్న యెడల జారీ అయ్యెడిది కాదు.”

నేను ఫైలు తీసుకుని సీటుకి వచ్చాను. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.

నియమం ఏమిటంటే, రాయి పాతి ఫోటో తీసి ఫోన్ యాప్‌లోకి ఎక్కిస్తేగాని తర్వాతి దశ మొదలుకాదు. తలుపు బిగించడం నాలుగో రాయికీ ఐదో రాయికీ మధ్య వస్తుంది. ఈ లోపల జిల్లాలో మిగతా ప్రాజెక్టుల వాళ్లు కూడా రాళ్లు పాతడం మొదలుపెట్టారు. ఒక నీళ్ల ట్యాంకు చుట్టూ ఐదు. ఒక మండలాఫీసులో పాత బీరువాకి రంగు వేసే ప్రాజెక్టుకి, గచ్చు పగలగొట్టి హాల్లోనే ఐదు. ఏసోబుకి తీరిక లేకుండా పోయింది.

అందుకే చింతలవాగుకి అతను మొదట తెచ్చింది ఐదో రాయి.

“సున్నా చెక్కటం తేలికమ్మా. అందుకని ముందు అది కానిచ్చా. మిగతాయి నిదానంగా తెస్తా.”

రాయిని గుమ్మం పక్కన దించాడు. పాతకుండా వదిలేస్తే అది నిల్వ సామగ్రి కింద వస్తుందని, దానికి వేరే రిజిస్టరు తెరవాలని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కాబట్టి పాతాము. పాతిన రాయికి ఫోటో తీయకపోతే అతిక్రమణ. కాబట్టి ఫోటో తీశాను. ఎక్కించాను. యాప్ ఒక్క క్షణం ఆలోచించి, ఆకుపచ్చ రంగులోకి మారి, ‘ప్రాజెక్టు నూరు శాతం పూర్తి’ అని చూపించి, రెండు పూలు రాల్చింది.

సాయంత్రానికల్లా జిల్లా పెద్దాఫీసరు స్వయంగా బడికి వచ్చారు. దండ పడింది, రాయికి. ఆయన ప్రసంగించారు.

“పంతొమ్మిది దినములలో ముగింపునకు చేరిన ఏకైక ప్రాజెక్టు ఇది. ఇతరులు ఒకటవ రాయి వద్ద కాలయాపన చేయుచుండగా, ఈ యువ నాయకురాలు నేరుగా ముగింపుతోనే ప్రారంభించినది. ఇదియే దార్శనికత.”

ఫోటోకి నిలబడ్డాం. వెనక తలుపు లేని గుమ్మం పడుతోందని ఫోటోగ్రాఫరు అంటే, పెద్దాఫీసరు హుందాగా ఒక అడుగు పక్కకి జరిగి తన భుజంతో దాన్ని కప్పారు.

“సార్, ఇప్పుడు తలుపు బిగిద్దామా?” అని కారు దగ్గర పుండరీకాక్షం గారిని అడిగాను.

“ముగిసిన ప్రాజెక్టునందు తలుపు బిగించుట అనగా, ప్రాజెక్టు ముగియలేదని అంగీకరించుట. నీకు అది సమ్మతమా?”

మర్నాడు రాహేలు టీచరు ఓపిక నశించి, పాత తలుపుని కట్టుతీగతో గుమ్మానికి కట్టింది. రెండు రోజుల్లో ఆమెకి మెమో వచ్చింది: ‘ముగిసిన ప్రాజెక్టు స్థలమున అనధికారికముగా తలుపు నిలబెట్టిన కారణములు మూడు దినములలో తెలుపవలెను.’ మెమో ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. దస్తూరి నాదే.

టీచరు నాకు ఫోను చేసింది. నేను తిట్లకి సిద్ధపడ్డాను. ఆమె తిట్టలేదు.

“తీగ ఇప్పేశాలేమ్మా. నీ ఉద్యోగం గూడా చూసుకోవాల గదా నువ్వు. ఒక మాట చెప్దామని చేశా. ఇయ్యాల సెలవులిచ్చాం. మస్తాన్‌బీ పుస్తకాలన్నీ తెచ్చి ఇచ్చేసింది. లైబ్రరీ పుస్తకానికి కొత్త అట్ట గూడా ఏసి ఇచ్చింది. ‘పదిరోజులుండాయి గదే, ఇప్పుడే ఎందుకిస్తన్నావ్?’ అన్నా. ‘అక్క తప్పకుండా అన్నప్పుడే అర్థమైంది టీచర్’ అనింది.”

ఫోను పెట్టేసి కూర్చున్నాను. కుర్చీ పక్కకి ఒరిగింది. మా ఊరి దారిలో మూడో మైలురాయి గుర్తొచ్చింది. అక్కడ కూర్చుని ముల్లు తీసుకున్నాక నేను లేచి మిగతా రెండు కిలోమీటర్లు నడిచేదాన్ని. నన్ను ఎవరూ కలుపుకి పంపలేదు. నన్ను అంత దూరం చదివించింది ఈ క్రియాపదం రాయడానికా అనిపించింది.

లేచి పుండరీకాక్షం గారి గదిలోకి వెళ్లాను. జీవితంలో మొదటిసారి, పిలవకుండా.

“సార్, సర్క్యులర్‌లో తప్పుంది. ఆ తప్పు నాది. నాకు మెమో ఇవ్వండి, ఉద్యోగం ఖాయం చేయకండి, ఏమైనా చేయండి. ఆ తలుపు మాత్రం బిగించనివ్వండి.”

ఆయన గాబరాగా లేచి తలుపు మూశారు. ఆయన గదికి తలుపుంది.

“గట్టిగా అనకు! తప్పు అనరాదు. తప్పు అన్న యెడల దానికి బాధ్యులు ఉందురు. ఆ సర్క్యులర్‌పై నా సంతకమున్నది, పెద్దాఫీసరు వారి సంతకమున్నది.” కొంచెం ఆగి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. “సవరణ అను తల్లీ. సవరణకి బాధ్యులుండరు. సంతకం ఉంటే చాలు.”

సీటుకి వచ్చి సవరణ రాశాను. ఆఫీసు సవరణలకి ఒక పద్ధతి ఉంది, అది నాకు కంఠతా వచ్చు: ఫలానా మాట ఉన్నచోట ఫలానా మాట అని చదువుకోవాలి. నేను ఇలా రాశాను: ‘పై సర్క్యులర్‌నందు “మైలురాళ్ళు పాతవలెను” అను చోట “తలుపులు బిగించవలెను” అని చదువుకొనగలరు.’

పుండరీకాక్షం గారు చదివి, “బలమున్నది” అన్నారు. గంటలో పెద్దాఫీసరు సంతకం అయింది. సవరణ అంటే ఆఫీసు అప్రమత్తంగా ఉందని అర్థమట. మూసేసిన ప్రాజెక్టులన్నీ సవరణ ప్రకారం మళ్లీ తెరవాలని, బడులు తెరిచేలోగా ముగించాలని ఆదేశం కూడా జత చేశారు.

ఆ సాయంత్రం నేను మళ్లీ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. అప్పుడైనా అనుమానం రావలసింది.

నేను ‘ఐదు’ అనే మాటని సవరించలేదు.

‘ప్రతి ప్రాజెక్టునకు కనీసము ఐదు తలుపులు బిగించవలెను’ అని జిల్లా అంతా చదువుకుంది. నీళ్ల ట్యాంకుకి ఐదు తలుపులు బిగించారు. పూడిక తీసిన కాలవ గట్టు మీద ఐదు తలుపులు ద్వారబంధాలతో సహా నిలబెట్టారు, మేకలు వాటిలోంచి క్రమశిక్షణగా వెళ్తున్నాయి. రంగు వేసిన బీరువాకి రెండు తలుపులు ముందే ఉన్నాయి, ఇంకా మూడు చేర్చారు. ఇప్పుడది ఎటునుంచైనా తెరుచుకుంటుంది, ఎటునుంచీ మూసుకోదు. వడ్రంగుల్ని పొరుగు జిల్లా నుంచి కూడా పిలిపించారు. ఏసోబు దారిలో కనిపించి, “నా పొట్ట కొట్టావు గదమ్మా” అన్నాడు.

సెలవులైపోయి బడి తెరిచే రోజు పొద్దున్నే నేను చింతలవాగు వెళ్లాను. గేటు దగ్గర ఒక తలుపు ఉంది. గోడ లేదు, ద్వారబంధం, తలుపు అంతే. తర్వాత ఇంకొకటి. అలా దారి పొడుగునా నాలుగు. ఐదోది గుమ్మానికి, కొత్త బందులతో, లోపల ఇనప గడియతో.

రాహేలు టీచరు ‘తలుపు 0. ముగింపు’ అన్న రాయి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంచెం జరిగింది. పక్కన కూర్చున్నాను.

“మస్తాన్‌బీని పిలిపించారా?” అన్నాను.

“నాయనమ్మనే రమ్మని కబురు పెట్టా. పిల్లని నమ్మదు, నన్ను నమ్మదు, కళ్లతో చూడాలంది.”

తొమ్మిది దాటాక ఇద్దరూ వచ్చారు. నాయనమ్మ చేతికర్రతో మొదటి తలుపుని పొడిచి చూసింది. దాని పక్కనుంచి రావచ్చు. రాలేదు. తెరుచుకుని వచ్చి, మళ్లీ వేసింది. రెండోదీ అంతే. మూడో తలుపు దగ్గర ఆగి మనవరాలితో అంది:

“ఒకటడిగితే ఐదు పెట్టినారే! ఎవురో బాగా బుద్ధిమంతులు.”

టీచరు నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

నాయనమ్మ ఐదో తలుపు తీసి, మూసి, గడియని అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత మనవరాలి వీపు మీద చిన్నగా తట్టి, వెనక్కి తిరిగింది. పోతూ నాలుగు తలుపులూ జాగ్రత్తగా వేసుకుంటూ పోయింది.

మస్తాన్‌బీ వరండాలో కుండ దగ్గరికి వెళ్లి, గ్లాసు ముంచి, గడగడా తాగింది. ఇంకో గ్లాసు ముంచింది. అదీ తాగింది. ముచ్చటగా మూడోది ముంచబోతుంటే టీచరు కేకేసింది. “మెల్లిగా తాగవే! తలుపు ఎక్కడికీ పోదులే!”

రెండో పిరియడ్ మధ్యలో ఆ పిల్ల తరగతిలోంచి బయటికి వచ్చి, మా ముందునుంచి తల వంచుకుని వెళ్లి, తలుపు వేసుకుంది.

మూడేళ్ల కిందట మా ఆఫీసు మంజూరు చేసిన గడియ, ఆ రోజు పదిన్నరకి, టక్కున పడింది.